మా యెనిమిది నిమిషముల చిత్రము

సినిమా చూచుట మనకందఱకును దెలిసిన పనియే. తీయుట వేఱు. మేమైదుగుర మాడపిల్లలము గడచిన చలికాలమున నెనిమిది నిమిషముల చిత్ర మొకటి తీసితిమి. అందువలన మాకు వచ్చిన మార్కులకంటె, అందు మేము చేసిన తప్పును, దానిని దిద్దుకొనుటకు బడిన పాటును మీకు జెప్పదగినవని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది గూడూరు. నర్సంపేటనుండి మానుకోటకు బోవు త్రోవలో నున్న యూరు. 2016 అక్టోబరు 11వ తేదీ దసరానాడు క్రొత్త జిల్లా లేర్పడువఱకు మేము వరంగల్లు జిల్లావారము. నాటినుండి మహబూబాబాదు జిల్లావారము. చుట్టును లంబాడీ తండాలు, కోయగూడెములు, ప్రత్తిచేలు. ఒకవైపున పాకాల యడవి. వానకాలమున భీముని పాదము జలపాతము చూడబోవు పొరుగూరివారు మా మండలమునకు వచ్చిపోవుచుందురు. తక్కిన దినములలో మా యూరి సంగతి మేమే చెప్పుకొనవలెను.

మాలో మువ్వురది గూడూరు, ఇరువురిది ప్రక్కనున్న తండాలు. డిగ్రీ కడపటి సంవత్సరమున మా యధ్యాపకురాలు జట్టున కైదుగురు చొప్పున నేర్పఱచి, ఎనిమిది నిమిషములకు మించని థ్రిల్లరు చిత్రమును దీసి చూపుడని యాజ్ఞాపించిరి. చూచువారికి 'తరువాత నేమగునో' యను నాత్రము చివరివఱకు దెగకుండవలెను. అదియే థ్రిల్లరు లక్షణము. కెమెరా కొనవలసిన పనిలేదు, చేతిలోని సెల్‌ఫోను చాలునని యామెయే చెప్పిరి.

ఇంట నీమాట చెప్పగనే మాలో నొకతె నాయనమ్మ ముక్కున వ్రేలు వేసికొన్నది. "ఆడపిల్లలు సినిమాలు దీసుడేందే?" అన్నది. భానుమతిగారు 1953లో 'చండీరాణి'ని దెలుగున, తమిళమున, హిందీలో దామే దర్శకత్వము వహించి తీసిరనియు, విజయనిర్మలగారు 44 చిత్రములకు దర్శకత్వము వహించి 2002లో గిన్నిసు పుస్తకమున కెక్కిరనియు మేము పాఠమువలె నప్పగించితిమి. ఆమె యంతయు విని, "మంచిదే గని, పొద్దుమీకకముందే యింటికి రాండ్రి" అని యాన పెట్టినది.

మా కథకు గావలసినది చీకటి. మాకు దొరకినది పగలు. అందుచేత బగటివేళ దీసి రాత్రిగా జూపు పాతపద్ధతినే యవలంబించితిమి. ఆకాశము కంటబడకుండ ఫోనును దించిపట్టి, వెలుతురును దగ్గించి, పిమ్మట దృశ్యమునకు నీలివన్నె పూసినచో మధ్యాహ్నము మూడుగంటలు కూడ మునిమాపువలె గానవచ్చును. తెల్లని థర్మోకోలు రేకు పట్టి మొగముమీద వెలుగు పడునట్లు చేసితిమి. కదలుచు దీయవలసినప్పుడు కూరగాయల తోపుడుబండిపై నొకతె కూర్చుండగా దక్కినవారము త్రోసితిమి.

మొదటిదినము తీసినది చూచుకొనగా నవ్వు వచ్చినది. పిల్లవాడు మొదట నెడమనుండి కుడికి బరుగెత్తెను; మేము త్రోవ కావలిప్రక్కకు బోయి తీసినందున వెంటనే కుడినుండి యెడమకు బరుగెత్తెను. చూచువారికి వాడూరు విడిచి పోవుచున్నాడో, ఊరిలోనికి మరలి వచ్చుచున్నాడో తెలియదు. నడకకు బ్రక్కగా నేలమీద నొక గీత యున్నట్లు భావించి, ఆ గీత దాటకుండ నొకేవైపునుండి తీయవలెనని మాకప్పుడు బోధపడినది.

ఇక నెత్తురు. పసుపు సున్నము కలిపినచో నెఱుపు వచ్చునని మనకు దెలియనిది కాదు. కాని సున్నము చేతిని మండించినది. తరువాత బెల్లపుపాకమున గుంకుమ కలిపితిమి. రంగు చక్కగ గుదిరినది గాని, కొడవలికి బూసి యిటు దిరిగి యటు చూచులోపల జీమలు పట్టినవి. 1960లో హిచ్‌కాక్ 'సైకో' చిత్రమున నెత్తురునకు బదులు చాక్లెట్ పాకము వాడెనట. అది నలుపుతెలుపుల చిత్రము గనుక నాతనికి రంగు చింత లేదు. చీమల చింత యుండెనో లేదో!

ఆ కొడవలి మాది కాదు. ఊరి చివర చింతచెట్టు క్రింద గుడిసెలో నొంటరిగా నున్న యొక యవ్వది. ఆమెకు భర్త లేడు. కొడుకులు పనులకై పట్టణము పోయిరి. ఒక మేక, దాని పాలు, మేకకు గోసికొని వచ్చు గడ్డి – ఇవియే యామె సంసారము. మా కథకు గావలసిన మొగ మామెది. మేము చూడగనే నిర్ణయించుకొంటిమి.

మా మొదటి కథ యిది. సాయంకాల మొక పిల్లవాడు కనబడకుండ బోవును. అక్క వెదకును. చింతచెట్టు కడ వాని చెప్పొకటి కనబడును. అప్పుడే యొక ముసలామె కొడవలితో నడచి పోవుచుండును. ఆమె గుడిసెలో మంచముక్రింద రెండవ చెప్పుండును. కొడవలిపై నెఱుపు. బాణామతి చేయు ముసలామె పిల్లవానిని బలియిచ్చినదని తేలుటతో చిత్రము ముగియును. పిల్లవాడుగా మాలో నొకతె తమ్ముడు, వయసారేండ్లు, నటించెను.

అవ్వను నటింపుమని మేమడుగలేదు. "ఊరికె నడువు అవ్వా, ఇటు జూడు అవ్వా" అంటిమి. ఆమె నడచినది, చూచినది. మాకు వేయించిన పల్లీలు పెట్టినది. "మీ సినిమల నేనేమైత బిడ్డా?" అని యడిగినది. "అవ్వవే అయితవు అవ్వా" అని నవ్వుచు జెప్పితిమి. సోదరీమణులారా, మేము చేసిన మొదటి తప్పిది. తక్కినవన్నియు దీనినుండియే పుట్టినవి.

ఇచట మాకు దరగతిలో జెప్పిన యొక ప్రయోగమును మీకు జెప్పవలెను. సుమారు నూఱేండ్ల క్రిందట రష్యాదేశమున గూలెషోవ్ అను దర్శకుడు, ఏ భావమును లేని యొక నటుని మొగమును దీసికొని, దానిప్రక్కన నొకచో గిన్నెలోని సూపును, ఒకచో శవపేటికలోని బాలికను, ఒకచో నొక సుందరిని జేర్చి చూపెనట. చూచినవారు ఆకలి యెంత చక్కగా నటించెను, దుఃఖ మెంత చక్కగా నటించెను, కోరిక యెంత చక్కగా నటించెను అని మెచ్చుకొనిరట. మొగము మాత్ర మొక్కటియే. భావము నటునిది కాదు. రెండు దృశ్యములను జేర్చుటవలన జూచువారి మనస్సున బుట్టినది.

మేమును సరిగ నట్లే చేసితిమి. అవ్వ మేకవంక జూచిన చూపును, పిల్లవాని చెప్పుప్రక్కన జేర్చితిమి. ఆ చూపున నున్నది మేకమీది మమకారము. చెప్పుప్రక్కన జేరగనే యది క్రూరమైపోయినది. మా పనితనమునకు మేమే యబ్బురపడితిమి.

కూర్పు ముగిసిన రాత్రి మాలో నొకతె యింటి యరుగుపై భోజనములైన తరువాత నిరుగుపొరుగువారిని బిలిచి చూపితిమి. చిన్నఫోనుచుట్టు బదిమంది తలలు. మంచముక్రింద చెప్పు కనబడగనే యొకామె కెవ్వున నఱచినది. మా సంతోషమునకు మేర లేదు. ఆ యింటి తల్లి మాత్రము నఱవలేదు. ముగిసిన తరువాత, "ఇంతమంది దేవులాడిండ్రు గదా, ఆ ముసల్దాన్ని ఒక్కలన్న అడిగిండ్రా, పోరన్ని జూసినవా అని?" అన్నది. సినిమాలో నట్లడుగరమ్మా యని మేము కొట్టివేసితిమి.

హిచ్‌కాక్ భార్య ఆల్మా రెవిల్ చిత్రముల కూర్పున నారితేరినది. 'సైకో'లో జచ్చి పడియున్న పాత్ర గుటక వేసినట్లు, తక్కినవారెవ్వరికి గనబడని లోప మామె కంటబడినదని చెప్పుదురు. మా యింటి తల్లికి గనబడినది యంతకంటె బెద్దలోపము. మేము వినలేదు.

చిత్ర మొక ఫోనునుండి మఱొక ఫోనునకు బోయినది. మేమే పంపితిమి. నాలుగు దినములైన తరువాత అవ్వ మాలో నొకతె యింటికి వచ్చి గడపకీవలనే నిలుచున్నది. చేతిలో పాలచెంబు. ఒక యింటి చంటిబిడ్డకు దినము గ్లాసెడు మేకపాలు పోయుట యామెకు వాడుక. ఆ యింటివారు ఆ యుదయము వద్దనిరి. ముందటి దినము బిడ్డకు జ్వరము తగిలినది. నల్లాకడ నెవరో "పొద్దున ముసల్ది పాలు పోసింది, రాత్రికి జరమొచ్చింది" అనిరట. దారిన బోవు పిల్లలు ఆమె గుడిసె రాగానే పరుగెత్తుచున్నారట.

"మీ సినిమల నేనేం జేసిన బిడ్డా?" అని యడిగినది.

కోపము లేదు. తెలిసికొనవలెనని యడిగినది. మాకు నోట మాట రాలేదు.

నల్లాకడ నామె యన్న రెండు మాటలును నిజమే. పొద్దున పాలు పోసినది నిజము. రాత్రి జ్వరము వచ్చినది నిజము. రెంటిని బ్రక్కప్రక్కన బెట్టుటలోనే యబద్ధ మున్నది. ఆ యింటివారు కూలెషోవ్ పేరు వినియుండరు. ఆయన విద్యను మేమే వారికి నేర్పితిమి. కాదు, మనకందఱకు నది మొదటినుండి వచ్చును. 'ఆమె వచ్చి పోయినది, ఆవు పాలివ్వలేదు'. 'కోడలు కాలుపెట్టినది, మామ మంచమెక్కినాడు' – ఇవన్నియు రెండేసి దృశ్యముల చిత్రములు గావా?

ఇది నవ్వులాట కాదు. బాణామతి, చేతబడి యను ననుమానముతో దెలంగాణమున వృద్ధులను, ఒంటరివారిని గొట్టిన వార్తలు, చంపిన వార్తలు పత్రికలలో నేటికిని వచ్చుచునే యున్నవి. ఇట్టి నిందలను బట్టియే బీహారున 1999లో, జార్ఖండున 2001లో స్త్రీలను మంత్రగత్తెలని వేఱుపఱచి హింసించుటను నేరముగా జేయుచు బ్రత్యేకచట్టములు చేయవలసి వచ్చినది. మేమీ వార్తలను జదువనివారము కాము. చదివియు, భయమునకు సులువైన సాధనమని యామె మొగమును వాడుకొంటిమి. ఊరి చివర నొంటరిగా నున్న ముసలామె – ఎంత వెదకినను మా కంతకంటె వేఱు భయము తోచకపోయినది!

ఆ సాయంకాలమే యింటింటికి దిరిగి చిత్రమును దుడిచివేయుడని వేడుకొంటిమి. కొందఱు తుడిచివేసిరి. కొందఱు నవ్విరి. ఎవరు మఱెవరికి బంపిరో యెవరు చెప్పగలరు? ఆవాలు చల్లి యేరబోయినట్లయినది.

అందఱము కలిసి యవ్వకడకు బోయి చిత్రము చూపితిమి. దాచలేదు. ఆమె కండ్లు చిన్నవి చేసికొని చూచినది. చివర నెఱ్ఱని కొడవలి కనబడగా, "గిది నా కొడవలే గదా" అని మాత్ర మన్నది. మేము తప్పు చెప్పుకొని, మరల దీసెదము, ఈసారి కథ ముందుగనే చెప్పెదము, నీవొప్పుకొన్ననే తీసెదము అంటిమి.

ఎట్లు తీయవలె ననుటకు మాకు రెండు దారులు కనబడినవి. వంశీగారు 1985లో దీసిన 'అన్వేషణ'లో నడవిలోని చావులకు బులి కారణమని యందఱు ననుకొందురు. చివరకు బులి కాదని తేలును. తప్పుడనుమానమే కథకు బట్టు. హిచ్‌కాక్ 1927లో దీసిన 'ది లాడ్జర్' అను మూకీచిత్రమున నద్దెకు వచ్చిన యొక నిరపరాధిని హంతకుడని తలచి జనము వెంటాడుదురు. ఈ రెండింటిని దలచుకొన్న పిమ్మట మేము దెలిసికొన్న దేమనగా, అనుమానమే థ్రిల్లరునకు బ్రాణమైనను, దానికి గుఱియైనవారిని జూచి జడియుట యొక దారి; వారికేమగునో యని జడియుట మఱొక దారి.

హిచ్‌కాక్ చెప్పిన సూత్ర మొకటి మాకు దోడ్పడినది. బల్లక్రింద బాంబున్న సంగతి చూచువారికి దెలియకుండ నది పేలినచో నొక్క క్షణము బెదురుదురు. ఆ సంగతి ముందే తెలిసి, బల్లకడ గూర్చున్నవారికి దెలియనిచో, నిమిషముల తరబడి యూపిరి బిగబట్టుదురు. మేమీ సూత్రమును బట్టి యొక్క దృశ్యమును మొదటికి దెచ్చితిమి. పిల్లవాడు దాగుడుమూతలాడుచు, ఏఱి తెచ్చిన ప్రత్తి కుప్పపోసిన గదిలో దూరి, ఆ దూదిలో నిద్రపోవును. చూచువారికి మొదటి నిమిషముననే యిది తెలియును. ఊరివారికి దెలియదు. ఇక ముసలామె త్రోవలో దొరకిన చెప్పును గొంగుతో దుడిచి, ఎవరైన వచ్చి యడిగిన నిచ్చెదనని మంచముక్రింద బెట్టును. కొడవలికి నెత్తురు లేదు, పచ్చగడ్డి యంటియున్నది. అటువైపు కఱ్ఱలు పట్టుకొని జనము బయలుదేరుదురు. పిల్లవాడు ముందు మేలుకొనునా, జనము ముందు గుడిసె చేరుదురా? ఇంతకు మించి మార్పు లేదు. అవే మొగములు, అదే చింతచెట్టు, అదే చూపు. మొదట జూచినప్పుడు ముసలామెను జూచి భయపడినవారు ఇప్పుడు ముసలామె కొఱకు భయపడిరి.

కథ యంతయు విని అవ్వ కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ కట్టెలు వట్టుకొచ్చేటోళ్ళు ఎవ్వలు?" అని యడిగినది. "మేమే అవ్వా, మా అమ్మలు" అంటిమి. "అట్లయితె మంచిదే" అన్నది.

మా తల్లులు కఱ్ఱలు పట్టి నడచిరి. పాలు వద్దన్న యింటామెను గూడ బిలిచితిమి, రాలేదు. దూరమున దలుపుకడ నిలిచి చూచినది. కఱ్ఱ పట్టి గుడిసెవైపు నడచునప్పుడు నవ్వు రాకుండ నుండవలెనని మేము తల్లులకు మఱిమఱి చెప్పితిమి గాని చెప్పవలసిన పని లేకపోయినది. గుడిసెముందు అవ్వ మేకను బట్టుకొని నిలుచుండగా, ఆమె యెదుట బదిమంది కఱ్ఱలతో నిలువవలసినప్పుడు, ఒకరికిని నవ్వు రాలేదు. మాలో నొకతె తల్లి కఱ్ఱను నేలనుంచి, "నాతోని గాదు" అని కూర్చున్నది. ఆ దృశ్యము మా కథలో లేదు. అయినను దానినే చిత్రమున నుంచితిమి.

కళాశాలలో జూపినప్పుడు, మొదటిదానిని ఫోనులో నదివఱకే చూచియున్న తోడివారు కొందఱు అదియే యెక్కువ భయముగా నున్నదనిరి. కావచ్చును. మార్కులలో మాకు రెండవ స్థానము వచ్చినది. పాలు మానిన యింటివారు వాడుకను మరల బెట్టుకొనలేదు. మఱొక యింటివారు పెట్టుకొనిరి. పిల్లలు గుడిసె కడ బరుగెత్తుట తగ్గినదే గాని మానలేదు. చేసిన దంతయు దిద్దుకొంటిమని మేము చెప్పజాలము. మాటగాని బొమ్మగాని ఫోనుదాటి పోయినపిమ్మట దానివెంట బోవుటకు మన కాళ్ళు చాలవు.

ముగిసిన చిత్రమును మొదట నవ్వకే చూపితిమి. ఆమె గుడిసెముందు చాపపై గూర్చుండి చూచినది. మేకను జక్కగ జూపితిమని సంతోషించినది. తన్ను గుఱించి యేమియు ననలేదు. ఫోను మా చేతికిచ్చుచు మాత్ర మిట్లడిగినది:

"పోరడు దూదిల పన్నడేమోనని ముందుగాల జూడకుంట, అందరు నా గుడిసెకే ఎందుకొచ్చిండ్రు బిడ్డా?"

మా కథలో దానికి సమాధానము వ్రాసియుండలేదు. ఇప్పటికిని మాయొద్ద లేదు. ఆ ప్రశ్నను మీ ముందుంచి సెలవు దీసికొనుచున్నాము.